దానయ్య చేతి రొట్టె

అండమాన్‌లోని బాంబూఫ్లాట్‌లో ఎండుచేపలు అమ్మే కామమ్మ ఒక్కతే వాళ్ల ఇంట్లో క్రైస్తవురాలు. మొగుడు పైడిబాబు గంగమ్మకు దండం పెట్టుకుని వేటకు వెళతాడు, ఆమె ఆదివారం ప్రార్థనకు వెళుతుంది. పదకొండేళ్లుగా ఈ విషయంలో ఇద్దరికీ పేచీ లేదు. ఇప్పుడు ఆ పేచీ తెచ్చిపెట్టినవాడు చర్చి పెద్ద దానయ్యే. అతనూ వేటకెళ్లేవాడే.

పోయిన నెల పైడిబాబు, అతని జతగాడు జోగులు వెళ్లిన పడవ ఇంజను నడిసముద్రంలో ఆగిపోయింది. ఫోన్లకు సిగ్నల్ లేదు. తెడ్డుకు లుంగీ కట్టి పైకెత్తారు. అది కనబడితే ఎవరైనా సరే, వల కోసుకునైనా రావాల్సిందే. వేటకెళ్లే వాళ్లెవరూ ఈ మాట తప్పరు. దానయ్య పడవ, ఎవరి ముఖమో ఆనవాలు పట్టేంత దగ్గరికొచ్చింది. అతను చూశాడు, నిండుగా పడిన తన వల వైపు తిరిగాడు, వెళ్లిపోయాడు. రెండు రోజుల తర్వాత వండూర్ ఊరి జాలర్లెవరో వీళ్ల పడవను లాక్కొచ్చారు. తనకేమీ కనబడలేదని దానయ్య జెట్టీ మీద అందరికీ చెప్పుకున్నాడు. అబద్ధమాడటం కూడా సరిగ్గా చేతకాదు ఆ మనిషికి, అడగని వాళ్లకు కూడా చెప్పాడు.

నెలలో మొదటి ఆదివారం చర్చిలో రొట్టె, ద్రాక్షరసం పంచుతారు. పంచేది దానయ్యే. ఆ ఆదివారం కామమ్మ ప్రార్థనకని చీర మార్చుకుంటుంటే పైడిబాబుకు ఒళ్లు మండింది.

"ఆడి సేతి రొట్టి తింటావేటే? దిమాగ్ ఉందా నీకు?"

నిజానికి ఆమె బయల్దేరింది రొట్టె కోసం కాదు. ఎవరి అనుభవం వాళ్లు లేచి చెప్పుకునే సాక్ష్యాల వేళ తానూ లేచి, నలుగురిలో దానయ్యను కడిగేద్దామని. దారి పొడవునా మాటలు కూర్చుకుంది.

ఆ వేళ రాగానే లేచింది. పక్కనే చాప మీద జోగులు భార్య కళ కూర్చుని ఉంది. మొగుళ్లు కనబడని ఆ రెండు రోజులూ ఇద్దరూ చేతులు పట్టుకునే ప్రార్థన చేశారు. కళ ముఖం చూడగానే, అప్పుడు తాను లోలోపల అడిగింది కామమ్మకు గుర్తొచ్చింది. సిగ్గుతో చచ్చిపోయింది. దానయ్య కోసం కూర్చుకున్న మాటలు ఒక్కటీ నోట రాలేదు. చివరికి తన సంగతే చెప్పేసింది.

"ఒక్కడే బతకాలంటే నా మొగుణ్ణే తే ప్రభువా అన్నాను. నీ సెయ్యి పట్టుకునే అన్నాను, కళా."

కళ లేచి అవతలి వరుసలో కూర్చుంది. కామమ్మ ఏడ్చింది. ఎవరూ దగ్గరికి రాలేదు. చర్చిలో ఉన్నంత మాత్రాన మనుషులు మారిపోతారా?

దానయ్య రొట్టె పళ్లెంతో వరుసల వెంట వచ్చాడు. తన ముందు ఆగినప్పుడు కామమ్మ తలెత్తింది.

"మీరు సూసారని నాకు తెలుసు, పెద్దయ్యా," అని మెల్లగా అంది. ముక్క తీసుకుని తిన్నది.

అందరికీ పంచాక చర్చి పెద్ద తన ముక్క తినాలి. దానయ్య దాన్ని పళ్లెంలోనే వదిలేసి గోడవైపు తిరిగాడు. "సూసినాను," అన్నాడు. వెనక వాళ్లకు వినబడలేదు గానీ కళకు వినబడింది.

కామమ్మ లేచి వెళ్లింది. పళ్లెంలో మిగిలిన ముక్క తీసి అతని చేతిలో పెట్టింది.

"తినండి పెద్దయ్యా. మంచోళ్లమని కాదుగదా ప్రభువు మనల్ని పిలిసినాడు."