ఎడమ చెవిలో ఆల్టో

మా పక్కింటి ఆంటీ పోయారు. ఆఫీసు నుంచి వస్తూ సీతాఫల్‌మండిలో లోకల్ దిగేసరికి అమ్మ ప్లాట్‌ఫాం మీదే నిలబడి ఉంది. "ఆంటీ పోయిందే. కుర్చీల కూసున్నకాడనే పోయింది. పక్కన మంచం మీద ఆయన పండుకునే ఉండె. జెర సప్పుడు సుత కాలేదంట" అంది. అంకుల్‌ది రైల్వేలో నైట్ డ్యూటీ. సాయంత్రం లేచి టీ అడిగితే ఆమె పలకలేదు. చెవులకి హెడ్‌ఫోన్స్ అలాగే ఉన్నాయి. క్యాసెట్ ఎప్పుడో అయిపోయింది.

ఆ హెడ్‌ఫోన్స్ కొన్నదే అంకుల్ నిద్ర కోసం. ఉన్నది ఒకటే గది. పగలు ఆయన పడుకుంటే ఆమె పాటని బయటికి రానిచ్చేవారు కాదు. మధ్యాహ్నం దాకా స్కూల్లో పిల్లలకి సంగీతం చెప్పి, ఆదివారం చర్చి క్వాయర్లో ఆల్టో, అంటే ఆడవాళ్లలో కింది స్థాయి గొంతు, పాడే మనిషికి సొంత ఇంట్లో పాట చెవులు దాటేది కాదు.

శనివారాలు నేను వెళ్తే హెడ్‌ఫోన్స్ తీసి నాకు పెట్టేవారు. "కళ్లు మూసుకోమ్మా. అన్నిటికంటే అడుగున మగాళ్ల గొంతులు ఉన్నాయి చూడు, ముందు వాళ్లని పట్టుకో. ఇప్పుడు వాళ్లని వదలకుండా మెల్లగా పైకి రా" అని గుసగుసగా చెప్పేవారు. బోయిన్‌పల్లి మార్కెట్లో మొదట అంతా ఒకటే గోల, కాసేపటికి ఎవరి కేక వాళ్లదిగా విడిపోతుంది కదా, పాట అలా విడిపోయేది. ఒకదాని వెనక ఒకటి, ఎన్ని గొంతులో, ఎన్ని వాయిద్యాలో! ఒళ్లు పులకరించేది. ఆమెకి ఏమీ వినపడకపోయినా నా మొహం చూసి, "వయొలిన్లు వచ్చాయి కదూ?" అనేవారు. ఒక్కసారీ తప్పలేదు.

అమ్మకి మా వ్యవహారం నవ్వులాట. "ఏందే గిది? ఒకరు చెవులకు డబ్బాలు పెట్టుకునుడు, ఒకరు మొఖం సూసుకుంట కూసునుడు!" అనేది.

వాళ్ల క్వాయర్ పాడిన క్యాసెట్ ఒకటి ఉంది. అందులో ఆంటీ గొంతు ఎడమ చెవి వైపు, అందరి మధ్యలో ఒదిగి ఉంటుంది. అది పట్టుకోవడానికి నాకు చాలా శనివారాలు పట్టింది. పొగడబోతే ఒప్పుకునేవారు కాదు. "ఆల్టో విడిగా వినపడిందంటే మేం చెడగొట్టినట్టే" అనేవారు.

భూస్థాపన అయ్యాక వచ్చిన ఆదివారం అంకుల్ నన్ను పిలిచారు. టేప్‌రికార్డర్ ముందు కూర్చుని ఉన్నారు. హెడ్‌ఫోన్స్ వైరు పీకేసి, "గట్టిగా పెట్టమ్మా. ఇంక నాకు నిద్రేంటి?" అన్నారు.

పెట్టాను. గదంతా వాళ్ల క్వాయర్ పాట నిండింది. బయట రైలు కూత, ఎవరింట్లోనో కుక్కర్ విజిల్, అన్నీ అందులో కలిసిపోయాయి. ఆయన ముందుకు వంగి విన్నారు.

"ఇందులో ఆవిడ ఏదమ్మా?"

స్పీకర్లో నాకే దొరకలేదు. హెడ్‌ఫోన్స్ మళ్లీ గుచ్చి ఆయనకి పెట్టాను. ఎడమ వైపు వినమన్నాను. కళ్లు మూసుకోమన్నాను. అడుగునుంచి పైకి రమ్మన్నాను. ఆమె చెప్పినట్టే చెప్పాను. నాకు చేతకాలేదు.

"అందరూ కలిసే పాడుతున్నారమ్మా" అన్నారు. "ఇన్నేళ్లూ పక్కనే ఉంది. నేను పడుకునే ఉన్నా."

వెనక్కి తిప్పి మళ్లీ పెట్టాను. మళ్లీ అదే. ఆమెని ఎలా వినాలో తెలిసిన మనిషిని ఇక నేనొక్కదాన్నే. ఆ చెవుల్ని ఆయనకి ఇవ్వలేను. ఇంత నిస్సహాయంగా నేనెప్పుడూ లేను.

క్యాసెట్ అయిపోయి బటన్ టక్కున పైకి లేచింది. ఆయన హెడ్‌ఫోన్స్ తీయలేదు. ఎడమ చెవి మీద అరచేయి గట్టిగా అదుముకుని, కళ్లు మూసుకుని, ఇంకా వెతుకుతూనే ఉన్నారు.