చిల్లుల గుల్లలు

మోండా మార్కెట్‌లో నాకు పుచ్చు వంకాయ అంటగట్టినవాడు ఇంతవరకు లేడు. ఆ పొగరుతోనే సీతాఫల్‌మండి నుంచి రోజూ బస్సెక్కి ప్రయోగశాలకు వెళ్లేదాన్ని. అక్కడ నా పని ఏరడం. సముద్రం అడుగు నుంచి తెచ్చిన బురదను కడిగి, జల్లించి, ఆరబెడితే సన్నటి రవ్వలాంటి పొడి మిగులుతుంది. అందులో ఒకే కణమున్న జీవుల గుల్లలుంటాయి. గళ్లు గీసిన పళ్లెంలో దాన్ని పరిచి, మైక్రోస్కోపు కింద, తడి కుంచె కొసతో వాటిని ఒక్కొక్కటిగా తీసి పలక మీద అంటించాలి. వాటిని చూసి, వేల ఏళ్ల కిందటి నీళ్లలో ప్రాణవాయువు ఎంత ఉండేదో మా మేడమ్ చెబుతారు.

ఏడాది గడిచాక ఒక మధ్యాహ్నం ఆమె నా పలకలన్నీ ముందేసుకుని తల పట్టుకు కూర్చున్నారు. వయసులో నాకంటే చిన్న, నన్ను అక్కా అంటారు.

“బురదేమో నల్లగుంది అక్కా. గాలి తక్కువున్న నీళ్ల కిందనే అట్ల పేరుకుంటది. మీరు తీసిన గుల్లలేమో అన్నీ లావుగ, గుండ్రంగ ఉన్నయి, గాలి మస్తుగుండె అంటున్నయి. గుల్లల్ని చూసి గాలి లెక్క చెప్పొచ్చని నేను నమ్మిందే తప్పేమో. ఇన్నేండ్ల పని ఇక్కడికి బంద్ చేస్తా.”

గడిలో ఉన్నవన్నీ ఉన్నదున్నట్టు తీయాలని చేరిన రోజే చెప్పారు. కానీ అలవాటైన చెయ్యి ఊరుకుంటుందా? సన్నగా, పొడుగ్గా, ఒళ్లంతా చిల్లులున్నవి కనబడితే పాడైపోయినవనుకుని వదిలేసేదాన్ని. ఎంత చక్కటి పలకలిస్తున్నానో అని మురిసిపోయాను కూడా. నోరు మూసుకుంటే ఎవరికీ తెలియదు. విప్పితే రేపటి నుంచి రావద్దనొచ్చు. అయినా ఆమె తనను తాను తప్పుపట్టుకుంటుంటే చూడలేకపోయాను.

“తప్పు మీది కాదు మేడమ్, నాది. చిల్లులున్నయి ఖరాబైనయనుకున్న. మంచిగున్నయే తీసిన.”

“ఎప్పటి సంది?”

“షురూ నుంచి.”

ఆమె లేచి, నేను ఏరగా మిగిలిన పొడి దాచిన సీసాల్లోంచి ఒకటి తెచ్చి, పళ్లెంలో పోసి, మైక్రోస్కోపు కింద పెట్టి నన్ను చూడమన్నారు.

“అది రోగం కాదక్కా. గాలి తక్కువైతే అవి గుల్లకు ఎక్కువ చిల్లులు పెట్టుకుంటయి. బతకాలె గద.”

కంటికి ఆనని ఆ గుల్ల మీద వరుస తప్పని చిల్లులు, సూదితో ఓపిగ్గా పొడిచినట్టు. పళ్లెం నిండా అవే. నేను ముచ్చటపడి ఏరినవి వాటి ముందు ఏ మూలకు? ఊపిరి చాలని ఆ చీకటి నీళ్లలో ఇన్ని ప్రాణాలు బతికాయి, అంత బతుకునూ నేను చెత్త అనుకున్నాను. ఏడుపొచ్చింది.

“మొదటి సీసా సంది మళ్లా చేద్దాం. మీరే చెయ్యాలె,” అన్నారు మేడమ్.

ఆ సాయంత్రం దాకా గడిలో ఉన్న ప్రతి గుల్లనూ తీశాను. ఏది మంచిదో చెప్పడానికి నేనెవర్ని?