బిచ్యా విస్తరి

బతికున్న మనిషికి తద్దినం కూడు పెట్టడం నేను చండ్రుగొండ దగ్గర ఒక తండాలో కళ్ళారా చూశాను. జైలు నుంచి వచ్చినవాళ్ళను ఇంటికి చేర్చి, ఏదో ఒక పని ఇప్పించడం మా సంఘం పని. "పద్మావతమ్మ ఇంట్లో పనిలేక ఖూనీకోర్లను వెంటేసుకుని తిరుగుతోంది" అని మా కోస్తా చుట్టాలు నవ్వేవారు. నవ్వనీ, నాకేం పోయింది!

ఎనభై ఆరు ఎండాకాలంలో బిచ్యాను తీసుకెళ్ళాను. గట్టు తగాదాలో ఒకణ్ణి కొట్టి చంపాడు, శిక్ష అనుభవించాడు. దారి పొడుగునా పెళ్ళాం సక్రి మాటే. తీరా తండాలో అడుగుపెట్టేసరికి అందరి మాటలూ ఆగిపోయాయి. కుక్క కూడా మొరగలేదు. వాళ్ళ చూపులు అతన్ని దాటి వెనకున్న అడవి మీదికి పోతున్నాయి.

తండా పెద్ద హాతీరాం నన్ను పక్కకు పిలిచాడు.

"వాడు సచ్చిపోయిండమ్మా. వాని తలపాగ వచ్చింది, దాన్నే కాలవెట్టినం."

"మతి ఉందా నీకు? ఎదురుగా నిలబడ్డాడు కదయ్యా!"

"కాలవెట్టినంక తిరిగొచ్చినోన్ని ఇంట్లకు రానిస్తే ఇంకొకల్ని తీస్కపోతడు."

సంగతి బిచ్యా చెప్పాడు. జైల్లో పక్కవాడు కామెర్లతో పోతే, జాలిపడి శవం మొహం మీద తన ఎర్ర తలపాగా కప్పాడు. అది చూసి, పోయింది బిచ్యానే అనుకుని, విడుదలై వచ్చినవాడెవడో దాన్ని తండాకు తెచ్చి ఇచ్చాడు. శవం రాకపోతే బట్టను కాల్చడం వీళ్ళ పద్ధతి.

ఇంతలో సక్రి వచ్చింది. రొట్టె, బెల్లం, నెయ్యి కలిపి నలిపిన చుర్మాను మోదుగాకు విస్తరిలో పొలిమేర రాయి దగ్గర పెట్టి, వెనక్కి చూడకుండా వెళ్ళిపోయింది. చచ్చినవాళ్ళకు అలాగే పెడతారట. బిచ్యా కూర్చుని తిన్నాడు. విస్తరిని తన వైపుకు మడిచి, మీద చిన్న రాయి పెట్టాడు. చిన్నప్పటి అలవాటన్నాడు.

"అమ్మా, నేను నిజంగనే సచ్చిన్నా?"



ఊరుకుంటానా? మాటిమాటికీ పోయి హాతీరాం ప్రాణం తోడేశాను. చివరికి ఆయనే ఒక దారి ఆలోచించాడు. బిచ్యా మళ్ళీ పుట్టాలి! స్నానం చేయించి, కొత్త దుప్పటిలో చుట్టి, పసిబిడ్డకు పెట్టినట్టు భీమ్లా అని పేరు పెట్టారు. అందరూ నోరారా పిలిచారు. మొక్కజొన్న చేనుకు కావలి పని నేనే కుదిర్చాను. ఏడుస్తూ నవ్వుతూ అతను నేరుగా సక్రి గుడిసెకు నడిచాడు.

సక్రి తలుపుకు అడ్డంగా నిలబడింది. "భీమ్లా మంచోడే. నా మొగడు బిచ్యా. ఆయన పోయిండు" అంది. గొంతులో కోపమన్నది లేదు. నాకు భయం వేసింది అందుకే.

మెల్లగా కరుగుతుందిలే అనుకున్నాను. అతను పక్క గుడిసెలో చేరాడు. సక్రి మాత్రం పొలిమేర రాయి దగ్గర చుర్మా పెట్టడం మానలేదు.

దీపావళి వెళ్ళాక పోతే, బక్కచిక్కిన భీమ్లా చేలోంచి పరుగున వచ్చి నన్ను ఆ రాయి దగ్గరికి తీసుకుపోయాడు.

"ఇది నాకు పెట్టింది కాదు గదా. నేను ముట్టలేదమ్మా, ఒట్టు."

"ఏ కుక్కో తినుంటుంది."

"కుక్క గిట్ల చేస్తదా?"

చూశాను. ఖాళీ విస్తరి లోపలికి మడిచి ఉంది. మీద చిన్న రాయి.

"ఆయనే వచ్చి తినిపోతుండు. మరి నేనెవరినమ్మా?"

అవతల గుడిసె ముందు సక్రి నిమ్మళంగా రొట్టెలు కాలుస్తోంది.