గోంగూర కింద పుస్తకాలు

ఆ రోజుల్లో అని మొదలుపెడితే మీరు దొరల కాలం అనుకుంటారేమో, అంత దూరం పోనక్కర్లేదు. నాలుగైదేళ్ల కిందటి మాట. అప్పటికే మోకాళ్లు అరిగి, నెత్తిమీద గంప దించేసి, మనవరాలిని ఆడించుకుంటున్నాను. కానీ అక్షరాల వయసు లెక్కేస్తే నేనింకా పరికిణీ పిల్లనే. యాభై దాటాక, మా ఊరి చర్చిలో పాస్టరమ్మగారు ఆడవాళ్లకి పలకలు పంచితే, బైబిలు చదువుకుందామని పోయి కూర్చున్నాను. చదవడం వచ్చింది. ఆ తర్వాత రాయడం వచ్చింది. లేటుగా రాయడం నేర్చినవాళ్లకి ఊరుకోవడం చేతకాదని నాకెవరూ చెప్పలేదు. (పాస్టరమ్మగారికి తెలుసనుకుంటాను, ఆవిడ నవ్వి ఊరుకునేవారు.) ఆ దుడుకులో చేసిన పని ఇది. వయసు చూడకుండా చిన్నతనం కిందే జమ కట్టండి.

మాది మైలవరం రోడ్డులో ఒక ఊరు. పెళ్లయిన కొత్తలో గంప ఎత్తినదాన్ని, మోకాళ్లు చాలనేదాకా ఇబ్రహీంపట్నం కరెంటు క్వార్టర్లలో ఆకుకూరలు అమ్మాను. నేను ఈ వీధిలో అరిస్తే పక్కవీధిలో చంటిపిల్లలు లేచేవారని తిట్టేవాళ్లు. ఏ ఇంట్లో ఎలా బేరమాడేవారో, ఎవరు మంచినీళ్లిచ్చేవారో, ఎవరు కుక్కను వదిలేవారో అన్నీ ఉన్నదున్నట్టు రాసుకుంటూ పోయాను. పేర్లు రాయలేదు, నాకు తెలిస్తే కదా. మెట్లింటావిడ, కుక్కింటావిడ, సన్నజాజి పందిరావిడ, అంతే. పాస్టరమ్మగారు చదివి, తప్పులు దిద్ది, "అమ్మా, ఇది అచ్చు వేయించండి" అన్నారు. బెజవాడలో ఒక ప్రెస్సుకి వెళ్లాం. "ఎన్ని కాపీలు వేయమంటారమ్మా" అన్నాడు ప్రెస్సాయన. కూరల మార్కెట్టు అలవాటు కొద్దీ "ఎన్నయితే చౌక?" అన్నాను. ఎక్కువైతే చౌక అన్నాడు. ఎక్కువే వేయించాను. ఆటో నిండా వచ్చాయి.

మంచం కింద సర్దాం. సర్దాక మంచం నేలకి ఆనడం మానేసి పుస్తకాల మీద నిలబడింది. మా ఆయన తాపీ మేస్త్రి చేసి మానేసినవాడు, ఆయనకి కట్టడాల మీద తప్ప దేని మీదా అభిప్రాయాలుండవు. రోజూ పొద్దున్నే కాఫీ తాగుతూ అడిగేవాడు, "బోణీ అయిందా?" అని. "లేదు" అనేదాన్ని. "వాడిపోవుగా" అనేవాడు. అదే వచ్చిన చిక్కు. గోంగూరైతే సాయంత్రానికి వాడిపోతుంది గనక ఎలాగోలా అమ్మేస్తాం. పుస్తకం తొందరపెట్టదు. పైగా గోంగూర నేను చేసింది కాదు, దేవుడు చేశాడు. పచ్చగా ఉంది, పుల్లగా ఉంది, పట్టుకెళ్లండమ్మా అని ఎంతసేపైనా పొగుడుతాను. పుస్తకం నేను చేసింది. నా పుస్తకం బాగుంటుంది కొనండి అని నేనే ఎలా అనేది? పెళ్లిచూపుల్లో పెళ్లికూతురు లేచి నేను చక్కగా ఉంటానండీ అన్నట్టుంటుంది. వీధులు దద్దరిల్లేలా అరిచిన నోరు పుస్తకం చేతిలోకి రాగానే మూసుకుపోయేది.

పాస్టరమ్మగారి బలవంతం మీద ఒక సాయంత్రం బెంజ్ సర్కిల్ దగ్గర బట్టల కొట్ల ముందు సంచీతో నిలబడ్డాను. పుస్తకాలమ్మే మనిషి శుభ్రంగా ఉండాలి కదా అని తెల్లచీర కట్టుకున్నాను. అదే పొరపాటైంది. తెల్లచీర, చేతిసంచీ, నోరు తెరవకుండా చాచిన పుస్తకం. మొదట వచ్చినాయన రెండు చేతులూ జోడించి "మేం హిందువులమండీ" అని మర్యాదగా తప్పుకున్నాడు. తర్వాత ఒకావిడ "వందనాలమ్మా" అని పుస్తకం తీసుకుని, కళ్లకద్దుకుని, తన కాళ్ల నొప్పుల కోసం ప్రార్థన చేయమని చెప్పి బస్సెక్కేసింది. అందరూ నేను సువార్త పంచుతున్నాననే అనుకున్నారు. ఇది దేవుడి పుస్తకం కాదండీ, ఆకుకూరల పుస్తకం అని నేనన్నా అనాలి. అనలేదు. దేవుడి పేరు మీదయినా పోతున్నాయి కదా అని నిలబడ్డాను. ఒక కుర్రాయన మాత్రం అక్కడే తెరిచి నాలుగు లైన్లు చదివి, "ఇందులో కుక్క తరిమిందని ఉందేంటండీ" అని తిరిగిచ్చేశాడు.

ఇంటికొచ్చాక మా ఆయన సంచీ తడిమి చూశాడు. "ఖాళీ అయిందే. ఎంతమంది కొన్నారు?"

"ఎవరూ కొనలేదు. ఒకావిడ కాళ్ల నొప్పులకి ప్రార్థన చేయాలి, పడుకునే ముందు గుర్తుచెయ్యి."

ఈలోగా మా పెద్దోడి కూతురికి మొదటి పుట్టినరోజు వచ్చింది. ఆదివారం ప్రార్థన కూటం, భోజనాలు. మా వైపు ఇప్పుడు భోజనం పెట్టి పంపితే చాలదు, వెళ్లేటప్పుడు చేతిలో ఏదో ఒకటి పెట్టాలి, రిటన్ గిఫ్టంటారు. పెద్దోడు స్టీలు డబ్బాలు తెచ్చాడు. తెచ్చి, "అమ్మా, డబ్బా ఉత్తదిస్తే బాగోదు. నీ పుస్తకాలు ఎలాగూ ఉన్నాయి, తలా ఒకటి అందులో పెట్టేద్దాం. మంచం కింద కూడా ఖాళీ అవుద్ది" అన్నాడు. కోడలు బాగుందంది. మా ఆయన కొలత చూసి, పుస్తకం డబ్బాలో నిలువుగా పడుతుందన్నాడు. నాకు నచ్చలేదు. అలాంటి డబ్బాలు నేనెన్ని తెచ్చుకోలేదు. ఇంటికెళ్లగానే అందులో ఉన్నది తీసి కిటికీలో పెట్టి, డబ్బాలో కందిపప్పు పోస్తాం. నాకు కావలసింది ఒక్కటే. నా మొహం చూసి కాదు, భోజనం తిన్న మొహమాటానికి కాదు, ఇందులో ఏముందో చదవాలని ఒక మనిషి అడిగి కొనాలి. ఆ తర్వాత డబ్బాలో పెట్టినా బావిలో వేసినా నాకు పట్టింపు లేదు. "ఆదివారం దాకా ఆగరా" అన్నాను పెద్దోడితో. "ఆదివారం పొద్దున సర్దుతాలే" అన్నాడు.

సోమవారం పొద్దున్నే అటక మీద గంప దింపాను. ఉత్త పుస్తకాలతో ఆ క్వార్టర్ల వీధిలోకి వెళ్లడానికి మొహం చెల్లలేదు. అడుగున పుస్తకాలు పేర్చి, పైన యూరియా సంచీ పరిచి, దాని మీద గోంగూర కట్టలు సర్దుకుని షేరాటో ఎక్కాను. వీధిలో నన్ను గుర్తుపట్టారు. "ఏం ఆకుకూరలమ్మా, బతికే ఉన్నావా" అంటూ వచ్చారు. (ఆ వీధిలో అది కుశల ప్రశ్న.) గోంగూర గబగబా అమ్ముడైపోతోంది. పుస్తకం మాట నోటిదాకా వస్తుంది, దిగిపోతుంది. మెట్లింటావిడ రెండు కట్టలు కొని, ఎప్పట్లాగే అరచెయ్యి చాచి "కొసరేదీ" అంది. ఆకుకూర కొన్నాక గుప్పెడు ఆకు పైన వేయించుకోవడం ఆవిడ దగ్గర ఇప్పటికీ చట్టం. ఏం తోచిందో, సంచీ పక్కకి తీసి పుస్తకం చేతిలో పెట్టాను.

"ఇదేంటి?"

"కొసరు."

"కొత్తిమీర లేదా?"

"లేదు."

అలా ఇంకో మూడిళ్లకి కొసరుగా ఇచ్చి ఇంటికొచ్చాను. "అమ్మావా?" అన్నాడు మా ఆయన. "పోయాయి" అన్నాను. "పోవడం వేరు, అమ్మడం వేరు" అని మళ్లీ కాఫీ తాగాడు. ఆ మాట గోడకట్టులో రాయిలా సరిగ్గా కూర్చుంది.

గురువారం మళ్లీ వెళ్లాను. మెట్లింటావిడ మెట్ల మీదే కూర్చుని ఉంది, ఒళ్లో పుస్తకం, మధ్యలో వేలు పెట్టి.

"ఇలా రా. ఈ మెట్లింటావిడ ఎవరు?"

"మీరేనమ్మా."

"రెండు కట్టలకి బేరమాడి, మూడోది కొసరంటూ లాక్కుని, నువ్వు గంప ఎత్తుకునేటప్పుడు వెనకనుంచి నాలుగోది తీసేదాన్నని రాశావు."

"అబద్ధమా అమ్మా?"

ఆవిడ పుస్తకం మూసేసింది. "అది తర్వాత చూద్దాం. ఇంకెవరికిచ్చావు?"

"మూడిళ్లకి."

"వాళ్ల సంగతి నేను చూసుకుంటాను. గంపలో ఎన్నున్నాయి? ఇంటి దగ్గర ఎన్నున్నాయి? అన్నీ నాకే ఇచ్చెయ్. చెప్పు, ఎంత?"

నిజం చెబుతున్నాను, ఒప్పుకుందామనే గంప దించాను. ఒక్క మాటతో మంచం కింద ఖాళీ. ఆదివారం డబ్బాల గొడవ లేదు. పెద్దోడి ముందు తలెత్తుకోవచ్చు. "అన్నీ ఏం చేసుకుంటారమ్మా" అని అడిగాను.

"అటక మీద పడేస్తాను. ఎవరి కంటా పడకుండా."

డబ్బాలోంచి తీసి పెట్టే కిటికీ కంటే అటక ఇంకా ఎత్తులో ఉంటుంది. అంతే, నాకు ఎక్కడలేని రోషం వచ్చింది. "ఇంటికొకటే అమ్ముతాను" అన్నాను. "డబ్బులిస్తానంటుంటే" అంది. "ఇస్తే మాత్రం" అని గంప ఎత్తుకుని వీధి మధ్యకి నడిచాను. వెనకటి కేకే పెట్టాను. "ఆకుకూరలు కాదమ్మా, పుస్తకాలు. మీ వీధి పుస్తకం. నేనే రాశాను. మెట్లింటావిడ మొత్తం కొంటానంటోంది, కావలసినవాళ్లు ముందే రండి." పక్కవీధిలో కూడా తలుపులు తెరుచుకున్నాయి.

"మా ఇల్లు ఉందా?" అన్నారు. "కొని చూసుకోండి" అన్నాను. కుక్కింటావిడ వచ్చి "నా గురించేం రాశావు" అంది. "మీ గురించి కాదు, కుక్క గురించి" అన్నాను. "అది పోయి రెండేళ్లయింది" అంది. "పుస్తకంలో ఉంది" అన్నాను. కొని, నిలబడ్డచోటే పేజీలు తిప్పడం మొదలుపెట్టింది. మెట్లింటావిడ గుంపులోకి వచ్చి, తన గురించే ఎక్కువ పేజీలున్నాయని అందరికీ చెబుతూ, చెల్లెలికొకటి, ఆడపడుచుకొకటి కొని, మూడోది కొసరు అడిగింది. ఇవ్వలేదు. శనివారం కూడా వెళ్లాను. ఆదివారం పెద్దోడు, అమ్ముడుపోయే పుస్తకాలు ఊరికే ఎందుకని, డబ్బాల్లో లడ్డూలు పెట్టి పంచాడు.

ఇవన్నీ అయ్యాక మరో రోజు గోంగూర గంపతో వెళితే, వీధి చివరింటావిడ నన్ను చెయ్యూపి పిలిచింది. గట్టిగా మాట్లాడే మనిషి కాదు, చెప్పిన ధరకి తీసుకుని లోపలికి పోయేది.

"మొత్తం చదివానమ్మా. మళ్లీ మొదటినుంచీ చూశాను. మా ఇల్లు లేదు."

"లేదండీ."

"అన్నేళ్లు నీ దగ్గరే కొన్నాను."

"కొన్నారండీ. మీతో గొడవే లేదు, ఏం రాయను?"

ఆవిడ గుమ్మం దిగి గంప దగ్గరికొచ్చింది. తర్వాత గోంగూర కట్ట చేతిలోకి తీసుకుని, "తగ్గించు" అంది. ఆ మాట ఆవిడకి అలవాటు లేదు. నేను తగ్గించనన్నాను. "అయితే వద్దు" అని కట్ట గంపలో పెట్టి లోపలికి తిరిగింది. అలా తిరిగి రెండడుగులు వేస్తే అమ్మేవాళ్లు వెనక్కి పిలవాలి, బేరంలో పద్ధతి అది. ఆవిడకి ఎంతదాకా నడవాలో తెలియలేదు. అక్కడే నా వైపు వీపు పెట్టి నిలబడిపోయింది. "రండమ్మా, మీకని తగ్గిస్తాను" అన్నాను. వెనక్కి తిరిగినప్పుడు ఆవిడ మొహం చూడాల్సింది. "ఇది రాస్తావా?" అంది. రాస్తానన్నాను.

ఆ సంతోషంలో ఎప్పటి ధరే చేతిలో పెట్టి, కట్ట తీసుకుని తలుపేసుకుంది. పిలిచి చెబుదామనుకుని, మానేశాను.

ఇప్పుడు రెండో పుస్తకం రాస్తున్నాను. ఆవిడ పేజీ అయిపోయింది. గట్టిగా బేరమాడి తగ్గించుకుని మరీ కొన్నట్టు రాశాను. నేను రాసినవాటిలో అబద్ధం అదొక్కటే, అది మాత్రం పాస్టరమ్మగారు దిద్దినా మార్చను.