ఏ ఊరోళ్లు మీరు?

శబరి రేవులో పడవ ఆగితే చాలు, మా నాయనమ్మ చేతిలో పని వదిలేసి ఒడ్డుకు నడిచేది. దిగినవాళ్లను ఒకటే అడిగేది.

"ఏ ఊరోళ్లు మీరు?"

బస్తరు రాజ్యంలోని కుంట అనే ఊరికి కాపురానికి వచ్చిన మొదటి తెలుగు ఆడమనిషి ఆమేనట. తాత ఉప్పు అమ్ముతూ సంతలు తిరిగేవాడు. ఆయన లేనప్పుడు ఇంట్లో ఆమెతో తెలుగు మాట్లాడేవాళ్లు లేరు. ఉప్పుకోసం అడివి నుంచి చింతపండు తెచ్చే దొర్ల తెగ ఆడవాళ్ల దగ్గర వాళ్ల మాట నేర్చుకుంది. మా నాన్న పుట్టినప్పుడు పురుడు పోసిందీ వాళ్లే. పుట్టింటి నుంచి ఎవరూ రాలేదు.

నాకు ఊహ తెలిశాక, ఒక పొద్దున పడవ దిగిన పెద్దాయన సరిగ్గా ఆమె పుట్టిన ఊరి పేరే చెప్పాడు. నాయనమ్మ ఆయన చేయి గట్టిగా పట్టుకుంది. అన్నల గురించి, పెరట్లో బావి గురించి ఒక్క గుక్కలో అడిగేసింది. ఆ తొందరలో సగానికి సగం దొర్ల మాటలే వచ్చాయి. ఆయనకు తెలుగు ముక్కలు తప్ప ఏమీ అర్థం కాలేదు. పడవవాడి వైపు తిరిగి నవ్వాడు.

"అడివి మనిషైనా తెలుగు బాగానే నేర్చుకుందే ముసలమ్మ!"

నాయనమ్మ ఆయన చేయి మెల్లగా వదిలేసింది.

"అవునయ్యా," అంది, "నేర్చుకున్న."