వాసన చూసిన పండు

ఆస్ట్రేలియాలో మేముండే టూంగాబీ నుంచి ఫ్రాన్స్ దాకా చేసిన ప్రయాణపు బడలిక, ఆపైన శనివారం ఉపవాసం. ఆ పాతకాలపు పల్లె సంతలో నిలబడే ఓపిక కూడా లేదు నాకు. సాయంత్రం స్వామికి నైవేద్యం పెట్టి తినడానికి ఒక్క పండు దొరికితే చాలనుకున్నాను. మధ్యాహ్నానికల్లా సంత ఎత్తేస్తారట, కొట్లూ మూసేస్తారట.

ఖర్బూజా నొక్కి చూడబోతే, అమ్మే పెద్దావిడ చటుక్కున లాగేసుకుంది.

"మమ్, ఇక్కడ మనం టచ్ చేయకూడదు. వాళ్లే ఏరి ఇస్తారు. ఎప్పుడు తింటారని అడుగుతోంది," అంది యూనివర్సిటీలో ఫ్రెంచ్ చదివిన మా అమ్మాయి.

"సాయంత్రం, దేవుడికి పెట్టాక అని చెప్పవే."

అది చెప్పగానే ఆవిడ ఒక్కో పండునూ ముక్కుకి ఆనించుకుని, గట్టిగా వాసన పీల్చి పక్కన పెట్టసాగింది. నా ప్రాణం ఉసూరుమంది. వాసన చూసినది నైవేద్యానికి పనికిరాదని మా అమ్మ నేర్పింది.

"వాసన చూడొద్దని చెప్పవే!"

"నేను చెప్పను. దేవుడికి అన్నానని బెస్ట్ వన్ వెతుకుతోందమ్మా, పాపం!"

చివరికి ఒక పండు దగ్గర ఆవిడ ముఖం విప్పారింది. దాన్ని రెండు చేతులతో అందిస్తుంటే వద్దనడానికి నోరు రాలేదు.

సాయంత్రం హోటల్ గదిలో ఆ పండే స్వామి ముందు పెట్టి, ముందుగా ఆవిడ చల్లగా ఉండాలని దణ్ణం పెట్టుకున్నాను.