అంజికి నేర్పిన జవాబులు

మా సందు మొదట్లో మిర్చిబజ్జీలు వేసే ఆయన ఇప్పటికీ బొగ్గుల పొయ్యే వాడతాడు. సాయంత్రం అది రాజుకునేటప్పుడు పచ్చిబొగ్గు పొగ ఘాటుగా మా కిటికీలోంచి లోపలికొస్తుంది. మా ఆయన దగ్గుకుంటూ తలుపులు మూయబోతే, ఒక్క నిమిషం ఆగమంటాను. కరీంనగర్‌లో ఎన్నేళ్లుగా కాపురం చేస్తున్నా, ఆ పొగ సోకితే చాలు, శ్రీరాంపూర్ బొగ్గుబాయి కాలనీలో, క్వార్టర్ ముందు కూర్చుని, కళ్లలో నీళ్లు కారుతుంటే విసనకర్రతో పొయ్యి విసురుతున్న మా అవ్వ దగ్గరికి వెళ్లిపోతాను. అమ్మను అవ్వ అని, నాన్నను బాపు అని పిలిచే ఇల్లు మాది.

ఎనభైల నాటి మాట. ఎండాకాలం ఇప్పపూల వాసన, వానాకాలం నల్లటి బురద, బతుకమ్మ రోజులొస్తే ప్రతి ఇంట్లో నువ్వులూ పల్లీలూ వేయించి దంచిన సత్తుపిండి కమ్మదనం. పొద్దున్నే బొగ్గు గని నుంచి వస్తూ బాపు తెచ్చిన గునుగు పూల మోపు దింపగానే మా తమ్ముడు అంజి దాని పక్కన చేరేవాడు. కొండగట్టు అంజన్నకు మొక్కుకుంటే పుట్టాడని వాడికి ఆ పేరు. పొట్టి పువ్వు నుంచి పొడుగు పువ్వు దాకా, ఒక్కటీ తేడా లేకుండా, వాకిలి పొడవునా వరుస పేర్చేవాడు. అవ్వ పేర్చిన బతుకమ్మ ఒక పక్కకు ఒరిగేదేమో గానీ వాడి వరుస మాత్రం వంకర పోయేది కాదు. సాయంత్రం ఆడవాళ్లు చప్పట్లు మొదలుపెట్టగానే రెండు చెవులూ మూసుకుని మంచం కిందికి దూరేవాడు. ఏం ఆశపెట్టినా బయటికి వచ్చేవాడు కాదు.

ఎవరైనా అడిగితే, "మా అంజి మంచిగనే ఉన్నడు, జర సిగ్గెక్కువ," అనేది అవ్వ. పిల్లల లోపం నోటితో అంటే అదే ఖాయమైపోతుందని మా ఇళ్లల్లో భయం. కొండగట్టులో ప్రదక్షిణలు చేయించింది. బాసరలో అక్షరాభ్యాసానికి కూర్చోబెడితే, వాడు పళ్లెంలో బియ్యాన్ని గింజా గింజా వరుస పెట్టడం మొదలుపెట్టాడు. వెనక జనం గొణుక్కున్నారు, పంతులు నవ్వాడు, బాపు తల దించుకున్నాడు. కాలనీ బడివాళ్లు వారం తిరక్కుండానే ఇంటికి పంపించేశారు. ఇంక వీడిని ఊళ్లో పెద్దమ్మ దగ్గర వదిలేద్దాం, మేకల వెంట తిరుగుతాడు అన్నాడు బాపు. ఆ మాట తర్వాత అవ్వకు అన్నం సరిగా దిగలేదు.

అప్పుడే బాయి దవాఖాన నర్సమ్మ ఒక దారి చెప్పింది. కరీంనగర్‌లో ఇటువంటి పిల్లల కోసం బడి ఉందట, దరఖాస్తు మీద పెద్ద డాక్టరు పరీక్ష చేసి రాసిస్తే చేర్చుకుంటారట. అవ్వకు తెలిసిన పరీక్ష ఒక్కటే, పాసవ్వాల్సిన పరీక్ష. బుద్ధిగా లేని పిల్లవాడికి సీటెవరిస్తారు? అంతే, మా ఇల్లు బడైపోయింది. పక్కింటి రాజవ్వ వాళ్లాయన కళ్లద్దాలు పెట్టుకుని డాక్టరయ్యేది. నీ పేరేంది, మీ బాపు పేరేంది, మీ ఊరేంది. జవాబు చెబితే తినడానికి ఒక సకినం. సకినం చుట్లను వేలితో తడుముకుంటూ వాడు నిజంగానే నేర్చుకున్నాడు. కాలనీ అంతా మురిసిపోయింది.

నేనూ వెంట వెళ్లిన పెద్ద దవాఖానలోనూ అంజి చేతులు కట్టుకుని కూర్చున్నాడు. డాక్టరు పేరడిగితే "అంజి" అన్నాడు, తండ్రి పేరడిగితే "లచ్చయ్య" అన్నాడు, ఊరడిగితే "శ్రీరాంపూర్" అన్నాడు. మిగతావన్నీ అవ్వే అందుకుంది. "మంచిగ తింటడు సారూ. అందరితోని ఆడుకుంటడు."

"పిల్లాడు బాగానే ఉన్నాడు కదమ్మా, మామూలు బడికే పంపండి," అని నవ్వుతూ డాక్టరు దరఖాస్తు కాగితాన్ని ఇటు జరిపాడు.

బాపు ముఖం వెలిగిపోయింది. దండం పెట్టి గుమ్మం దాకా వెళ్లిపోయాడు. అవ్వ మాత్రం లేవలేదు.

"సారూ," అంది, డాక్టరు ఏమీ రాయని ఆ కాగితాన్ని మళ్లీ ఆయన వైపు జరుపుతూ. "గవన్ని నేను నేర్పిన ముచ్చట్లు. జర ఎనుక అడిగింది ముందుగాల అడుగుండ్రి."

"మీ ఊరేది బాబూ?" అన్నాడు డాక్టరు.

"అంజి," అన్నాడు తమ్ముడు, ఎంతో బుద్ధిగా.

"ఊకో, గవన్ని ఎందుకిప్పుడు?" అన్నాడు బాపు గుమ్మంలోంచి.

"చెప్పనియ్యి. ఇయ్యాల చెప్పకపోతే పిలగాని బతుకు ఆగమైతది." ఇన్నేళ్లు దాచినదంతా ఆ గదిలో పెట్టేసింది అవ్వ. "ఎవ్వలతోని ఆడడు సారూ. ఏం గావాల్నో నోరు తెరిచి అడుగడు. బాయి సైరన్ మోగితే తలకాయ గోడకు కొట్టుకుంటడు. నేను అవ్వనని వానికి ఎరికేనో లేదో నాకే తెల్వది." కొంగుతో ముఖం తుడుచుకుని, అంతటితో ఊరుకుంటే బిడ్డకు అన్యాయం అనుకుందేమో, మళ్లీ అందుకుంది. "గానీ ఒక్కపారి చూపిత్తె మర్వడు. నేర్పేటోళ్లు ఉంటే నేర్సుకుంటడు."

డాక్టరు కలం తీశాడు. ఈసారి చాలాసేపు అడిగాడు, అంజిని తనంతట తాను కుర్చీ దిగనిచ్చి చూశాడు, తర్వాత రాశాడు. ఆటిజం అనే మాట ఆ కాగితం మీద లేదు. అది మేము వినడానికి ఇంకా ఎన్నో ఏళ్లు పట్టింది. వెనక్కి వచ్చే బస్సులో బాపు, నిద్రపోతున్న అంజిని దారి పొడుగునా తన ఒళ్లోనే పెట్టుకున్నాడు.

మేము పెరిగిన ఆ క్వార్టర్లు ఇప్పుడు లేవు. సకినాలు కొట్లో ప్యాకెట్లలో దొరుకుతున్నాయి. బతుకమ్మ దగ్గర చప్పట్ల చప్పుడు పెద్ద స్పీకర్ల కింద అణిగిపోయింది. బాపు పోయాడు, అవ్వా పోయింది. అన్నిటికీ నాకు దిగులే. ఆ రోజు డాక్టరు గదిలో అవ్వ వదిలేసి వచ్చిన సిగ్గు ఒక్కటి మాత్రం పోతే పోయిందని సంతోషం. ఆ కరీంనగర్ బడిలో చేరి పని నేర్చుకున్న అంజి ఇప్పుడు మా ఇంట్లోనే ఉంటాడు, కాగితపు సంచులు అతికించే పనికి వెళ్లొస్తాడు. ఇది రాస్తుంటే వచ్చి, తలుపు దగ్గర నిలబడి, నా వంక చూడకుండానే అడుగుతున్నాడు:

"అక్కా, అన్నం వెట్టు."